డెస్క్‌టాప్‌కు టచ్ స్క్రీన్ తీసుకోవాలా? విండోస్, మ్యాక్, లినక్స్‌లలో ఏది నయం?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి కూకట్‌పల్లిలో మీ ఇంటికి కొత్త డెస్క్‌టాప్ కావాలి. రాణిగంజ్‌లో నాన్నగారి పైపులు, ఫిట్టింగుల షాపుకు కూడా ఒకటి కావాలి. మీరు పోస్టర్లు, శుభలేఖలు డిజైన్ చేస్తారు. చెల్లి ఇంటర్‌లో చేరింది. అమ్మగారు తెలుగులో వ్యాసాలు టైప్ చేస్తారు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో షాపతను "ఇక ముందంతా టచ్చే, 27 అంగుళాల టచ్ ఆల్-ఇన్-వన్ తీసుకోండి" అంటున్నాడు, అంటే మానిటర్‌లోనే సీపీయూ కలిసి ఉండేది. మీ బావగారేమో ఆపిల్ మ్యాక్‌కు టచ్ పెట్టలేదు కాబట్టి అది వెనకబడిపోయిందంటున్నారు. మీ ఫ్రెండ్ మాత్రం లినక్స్‌లో కూడా టచ్ పనిచేస్తుంది, ఉన్న డబ్బులు ఎందుకు పోగొట్టుకుంటారు అంటున్నాడు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లో డెస్క్‌టాప్‌కు టచ్ వద్దు. షాపు కౌంటర్ మీద మాత్రం తప్పకుండా టచ్ పెట్టండి. ఒకే ఇంటివాళ్లకు రెండు రకాల సలహా ఏమిటని అనుకోకండి. హైదరాబాద్‌లో షాపులకు, ఆఫీసులకు, డీటీపీ సెంటర్లకు కంప్యూటర్లు బిగించడం, వాటి మీద పనిచేసేవాళ్లకు నేర్పడం నా వృత్తి. అందులో తెలిసింది ఏమిటంటే, టచ్ పనికొస్తుందా లేదా అన్నది స్క్రీన్ ఎంత ఖరీదైనదో చూస్తే తేలదు. దాని ముందు మనిషి నిలబడ్డాడా కూర్చున్నాడా, ఎంతసేపు ఉంటాడు, వేలు పెట్టాల్సిన చోటు ఎంత పెద్దది, ఇవి చూస్తేనే తేలుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి ఆ తర్వాతే.

ముందుగా "ఇక ముందంతా టచ్చే" అన్న మాట చూద్దాం. టచ్ కొత్తది, మౌస్ పాతది అన్నట్టు అమ్మేవాళ్లు మాట్లాడతారు. నిజానికి రెండూ ఒకే కాలంలో పుట్టాయి. ఇంగ్లండ్‌లో మాల్వర్న్ రాడార్ పరిశోధన సంస్థలో పనిచేసే ఇ.ఎ. జాన్సన్, విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్ల కోసం టచ్ డిస్‌ప్లే ఎలా ఉండాలో 1965లోనే రాశారు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్ ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను జనం ముందు పెట్టి చూపించింది 1968 డిసెంబర్ 9న. ఇక హెచ్‌పీ కంపెనీ 1983లోనే హెచ్‌పీ-150 అనే టచ్ డెస్క్‌టాప్‌ను మార్కెట్లోకి తెచ్చింది. స్క్రీన్ చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు, వాటిలోంచి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు. వేలు అడ్డం వస్తే ఎక్కడ తాకామో దానికి తెలిసిపోతుంది. ఆ రంధ్రాల్లో దుమ్ము చేరి ఇబ్బంది పెట్టేదని చెప్తారు. కాబట్టి డెస్క్ మీద టచ్‌కు 40 ఏళ్లకు పైగా అవకాశం దొరుకుతూనే ఉంది. ఇన్నేళ్లలో గాజు మెరుగైంది, సెన్సర్లు మెరుగయ్యాయి. మారనిది మన భుజం.

అసలు చిక్కంతా ఆ భుజం దగ్గరే ఉంది. డెస్క్‌టాప్ మానిటర్ నిలువుగా, మన కళ్లకు చేయి చాచినంత దూరంలో ఉంటుంది. ఒక చేయి బరువు మన ఒంటి బరువులో సుమారు 5 శాతం. అంటే 60 కిలోల మనిషి తెర మీద వేలు పెట్టిన ప్రతిసారీ 3 కిలోల బరువును ముందుకు చాచి గాల్లో నిలబెట్టాలి. ఒకటి రెండు సార్లయితే ఏమీ అనిపించదు. గోడకు రంగులు వేసే మేస్త్రి మధ్యమధ్యలో చెయ్యి దించి విదిలించుకోవడం చూసే ఉంటారు, సరిగ్గా అదే నొప్పి. దీన్ని ఈ రంగంలో గొరిల్లా ఆర్మ్ అంటారు. మౌస్ పట్టుకున్నప్పుడు మోచేయి, మణికట్టు బల్ల మీద ఆనుకుని ఉంటాయి. 24 అంగుళాల తెర వెడల్పు 53 సెంటీమీటర్లు. ఆ చివర నుంచి ఈ చివరకు కర్సర్‌ను తీసుకెళ్లడానికి మణికట్టు కొద్ది సెంటీమీటర్లు కదిలితే చాలు. వేలితో అయితే చేయి మొత్తం 53 సెంటీమీటర్లూ ప్రయాణం చేయాలి.

ఫోన్ మీద ఈ బాధ ఎందుకు లేదంటే, ఫోన్ మన చేతిలోనే ఉంటుంది. మోచేతులు ఒంటికి ఆనుకుని ఉంటాయి, బొటనవేలు ఒక్కటే కదులుతుంది. ట్యాబ్లెట్ ఒళ్లో పడుకుని ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు కూడా కొంత ఫర్వాలేదు, ఎందుకంటే తెర దగ్గరగా ఉంటుంది, చేతులు అప్పటికే కీబోర్డు మీద ఉంటాయి, ఓసారి పైకెత్తి స్క్రోల్ చేసి మళ్లీ దించేయొచ్చు. డెస్క్‌టాప్‌లో ఆ సౌకర్యాలేవీ లేవు. "అయితే మానిటర్‌ను దగ్గరగా లాక్కుని వెనక్కి వాల్చుకుంటే?" అని మీరడగొచ్చు. చెయ్యొచ్చు, భుజానికి ఊరట దొరుకుతుంది. కానీ అప్పుడు మెడ వంగుతుంది. పైగా మన ఇళ్లలో హాల్లో ట్యూబ్‌లైట్ నెత్తి మీదే ఉంటుంది. వాల్చిన గాజులో అది నేరుగా కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన సర్ఫేస్ స్టూడియో ఈ వాల్చే పద్ధతినే చాలా శ్రద్ధగా చేసింది. 28 అంగుళాల తెర, బల్ల మీదకు 20 డిగ్రీల కోణం వరకు వాలుతుంది, పెన్నుతో గీసుకోవచ్చు. బొమ్మలు గీసేవాళ్లకు నిజంగా మంచి వస్తువు. ఎక్సెల్, ఈమెయిల్ చూసుకునేవాళ్ల కోసం చేసింది కాదు, ధర కూడా మామూలు ఇంటికి అందేది కాదు.

రెండో సంగతి వేలి వెడల్పు. ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు. వేలితో తప్పు లేకుండా నొక్కాలంటే చోటు సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేవాళ్లకు గూగుల్ చెప్తుంది. ఇప్పుడు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద ఎక్సెల్ తెరవండి. ఒక్కో వరుస ఎత్తు 20 పిక్సెళ్లు, అంటే 5.5 మిల్లీమీటర్లు. మీ వేలు ఒకేసారి రెండు వరుసల మీద పడుతుంది. కాలమ్ వెడల్పు పెంచడానికి పట్టుకోవాల్సిన గీత ఇంకా సన్నం. సరే, అన్నీ వేలికి సరిపడా పెద్దవి చేద్దామంటే, 30 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ తెర మీద మెనూలు తీసేసినా 33 వరుసలే పడతాయి. మామూలుగా అయితే 50 దాటి పట్టాలి. పెద్ద మానిటర్ కొన్నది ఎక్కువ చూడటానికి. వేలి కోసం అన్నీ ఉబ్బించేస్తే పెద్ద మానిటర్ కొన్న ప్రయోజనమే పోతుంది.

ఇంకోటి కూడా ఉంది. మౌస్ బాణాన్ని ఒక బొమ్మ మీద ఊరికే ఉంచితే అదేమిటో చిన్న పెట్టెలో కనిపిస్తుంది, లింకు మీద పెడితే ఎక్కడికి వెళ్తుందో కింద కనిపిస్తుంది. అంటే నొక్కకముందే అడిగి తెలుసుకోవచ్చు. వేలికి ఆ వెసులుబాటు లేదు. తాకడం అంటే నొక్కడమే. పైగా నొక్కాల్సిన చోటును మన వేలే కప్పేస్తుంది. డిజైన్ చేసే మీకు ఇది మరీ ముఖ్యం. కోరల్‌డ్రా అనే డిజైన్ ప్రోగ్రాములో గీత మీద ఉండే ఒక నోడ్‌ను, అంటే చిన్న బిందువును పట్టుకుని అరమిల్లీమీటరు జరపాలంటే ఏ వేలూ పనికిరాదు.

ఇప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌ల సంగతికి వద్దాం. మూడింటికీ ఈ సమస్య ఎదురైంది, మూడూ మూడు దారులు పట్టాయి. మీ బావగారి అనుమానానికి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

ఐప్యాడ్ 2010లో వచ్చాక మైక్రోసాఫ్ట్‌కు గట్టి దెబ్బే తగిలింది. ట్యాబ్లెట్‌కూ డెస్క్‌టాప్‌కూ ఒకే రూపం ఇస్తే రెండు మార్కెట్లూ దక్కుతాయనుకుని 2012 అక్టోబర్ 26న విండోస్ 8 విడుదల చేసింది. 1995 నుంచి జనం కళ్లకు అలవాటైన స్టార్ట్ బటన్ మాయమైంది. దాని స్థానంలో తెర నిండా రంగురంగుల పలకలు. కొత్త యాప్ ఏది తెరిచినా తెర మొత్తం ఆక్రమించేది. ట్యాబ్లెట్ మీద కుడి అంచు నుంచి వేలితో లాగితే మెనూ వచ్చేది, అక్కడ అది చక్కగానే ఉండేది. మౌస్ ఉన్నవాడు మాత్రం ఏ గుర్తూ లేని మూలకు బాణాన్ని తీసుకెళ్లి, అది బయటికొచ్చాక సెట్టింగ్స్, అందులో పవర్, అందులో షట్‌డౌన్ వెతుక్కోవాలి. కంప్యూటర్ ఆపడం ఎలాగో అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. అదే సమయంలో మైక్రోసాఫ్ట్ తెచ్చిన సర్ఫేస్ ఆర్‌టీ ట్యాబ్లెట్లు అమ్ముడుపోక 2013 జులైలో ఆ కంపెనీ 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. ఆ అక్టోబర్‌లోనే 8.1 పేరుతో స్టార్ట్ బటన్ వెనక్కి వచ్చింది. 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి అప్‌డేట్లు ఆగినప్పుడు నాకు తెలిసిన ఆఫీసులు చాలావరకు విండోస్ 8ని వదిలేసి విండోస్ 7కు వెళ్లాయి. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు టాబ్లెట్ మోడ్ అని ఒకటి విడిగా పెట్టారు. కీబోర్డు ఊడదీస్తే ఒక రూపం, తగిలిస్తే ఇంకో రూపం. ఆలోచనగా అదే సరైనది: మనిషి పద్ధతి మారినప్పుడు తెర మారాలి కానీ, తెర కోసం మనిషి మారకూడదు.

విండోస్ 11 వచ్చాక ఆ విడి మోడ్ తీసేశారు, కానీ కీబోర్డు ఊడదీసినప్పుడు ఐకాన్ల మధ్య ఖాళీ దానంతట అదే పెరుగుతుంది. రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూలో వరుసలు ఎడంగా ఉంటాయి, పాత ఆప్షన్లు కావాలంటే ఇంకోసారి క్లిక్ చేయాలి. టచ్ లేని మనలాంటివాళ్లు కూడా దానికి కొంత మూల్యం చెల్లిస్తున్నట్టే. అయినా ఈ మూడింటిలో టచ్ సరిగ్గా నడిచేది విండోస్‌లోనే, అందులో సందేహం లేదు. వర్డ్, ఎక్సెల్‌లలో పైన చిన్న బాణం గుర్తు నొక్కితే టచ్/మౌస్ మోడ్ అని ఒక బటన్ తెచ్చుకోవచ్చు. అది నొక్కితే బటన్ల మధ్య దూరం పెరుగుతుంది.

ఆపిల్ ఈ ప్రయోగం చేయకుండానే వదిలేసిందని అనుకుంటే పొరపాటు. 2010 అక్టోబర్‌లో స్టీవ్ జాబ్స్ వేదిక మీదే దీని గురించి మాట్లాడారు. తాము పరీక్షించి చూశామని, నిలువు తెర మీద టచ్ కాసేపటికి చేతిని అలసిపోయేలా చేస్తుందని, టచ్ ఉపరితలం పడుకుని ఉండాలని చెప్పారు. అదే ఏడాది డెస్క్‌టాప్‌ల కోసం మ్యాజిక్ ట్రాక్‌ప్యాడ్ విడిగా తెచ్చారు. అంటే వేళ్లతో లాగడం, రెండు వేళ్లతో జూమ్ చేయడం అన్నీ ఉన్నాయి, కాకపోతే చేయి ఆనుకునే చోట ఉన్నాయి. నేను ఇది రాసే నాటికి టచ్ తెర ఉన్న మ్యాక్ ఒక్కటీ అమ్మకానికి రాలేదు. రేపు వచ్చినా అది ల్యాప్‌టాప్‌తోనే మొదలవుతుందని నా నమ్మకం, కారణం పైన చెప్పిందే. మధ్యలో 2016లో మ్యాక్‌బుక్ ప్రో ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు పైన టచ్ బార్ అని ఒక సన్నని తెర పెట్టారు. చూడకుండా నొక్కే ఎఫ్-కీలు తీసేసి, చూసి నొక్కే గాజు పెట్టడం ఎంతోమందికి నచ్చలేదు. 2021లో వచ్చిన పెద్ద మోడళ్లతో ఎఫ్-కీలు వెనక్కి వచ్చాయి. బావగారికి చెప్పండి, మ్యాక్‌లో టచ్ లేకపోవడం వాళ్లకు చేతకాక కాదు. ఆ ఒక్క కారణంతో మ్యాక్ కొనడమూ, మానేయడమూ రెండూ సరికాదు.

లినక్స్ గురించి మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం. లినక్స్ వైపు కూడా ఇదే గాలి వీచింది. 2011 ఏప్రిల్‌లో ఉబుంటు అనే లినక్స్ రకం యూనిటీ అనే కొత్త తెర రూపానికి మారింది, అదే నెలలో గ్నోమ్ 3 అనే ఇంకో రూపం వచ్చింది. రెండింటిలోనూ పెద్ద ఐకాన్లు, తక్కువ మెనూలు. ఫోన్, ట్యాబ్లెట్, డెస్క్‌టాప్ అన్నిటికీ ఒకే ఉబుంటు అన్న కల కోసం దాన్ని తయారుచేసే కనానికల్ కంపెనీ ఏళ్ల తరబడి కష్టపడింది. ఉబుంటు ఎడ్జ్ అనే ఫోన్ కోసం 2013లో జనం దగ్గర 3.2 కోట్ల డాలర్లు సేకరించాలనుకుంటే సుమారు 1.28 కోట్లే వచ్చాయి. 2017 ఏప్రిల్‌లో ఆ కంపెనీ స్థాపించిన మార్క్ షటిల్‌వర్త్ ఆ ప్రయత్నం ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఆ ఏడాది అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు 17.10 మళ్లీ గ్నోమ్‌కు వచ్చింది. ఈ రూపం నచ్చనివాళ్లు లినక్స్ మింట్ లాంటి పాత పద్ధతి డెస్క్‌టాప్‌లకు వెళ్లారు. లినక్స్ గొప్పదనం అక్కడే ఉంది. ఒక రూపం నచ్చకపోతే ఇంకోటి వేసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

టచ్ విషయంలో మాత్రం లినక్స్ ఏ తెర రూపం వేసుకున్నారన్న దాన్ని బట్టి మారిపోతుంది. తెర మీద బొమ్మను చూపించే వేలాండ్ అనే కొత్త పద్ధతి మీద నడిచే గ్నోమ్, కేడీఈ ప్లాస్మా రూపాలలో టచ్ చాలావరకు బాగానే పనిచేస్తుంది. పాత ఎక్స్11 మీద నడిచే వాటిలో టచ్‌ను మౌస్ క్లిక్‌లాగే తీసుకునే ప్రోగ్రాములు ఇంకా ఉన్నాయి. పేజీని వేలితో పైకి జరుపుదామని చూస్తే అక్షరాలు సెలెక్ట్ అవుతాయి. సర్దుబాట్లు ఉన్నాయి కానీ, మీ ఇంట్లో వాటిని కూర్చుని చేసేవాళ్లు ఎవరో ముందే చూసుకోవాలి.

ఇక మీ ఇంటి మనుషుల దగ్గరకు వస్తాను.

అమ్మగారి తెలుగు టైపింగ్‌కు నేను ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాను. టచ్ అమ్మేవాళ్లు ఎప్పుడూ ఇంగ్లిష్‌లో నాలుగు అక్షరాలు నొక్కి చూపిస్తారు. తెలుగులో "స్త్రీ" అని రాయాలంటే ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో ఆరు కీలు నొక్కాలి: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. పేజీలకు పేజీలు రాసే మనిషి వేళ్లు ఆ కీలను చూడకుండా వెతుక్కుంటాయి. ఎఫ్, జె కీల మీద ఉండే చిన్న బొడిపెలే వాళ్లకు దారి చూపిస్తాయి. గాజు మీద ఆ బొడిపెలు లేవు. తెర మీద కీబోర్డు తెరిస్తే అది తెరలో చాలా భాగాన్ని మింగేస్తుంది, రాసిన పేరా కనిపించదు. ఫోన్‌లో బొటనవేళ్లతో వాట్సాప్ మెసేజ్ కొట్టడం వేరు, వ్యాసం రాయడం వేరు. ఆవిడకు మంచి కీబోర్డు కొనిపెట్టండి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ యూనికోడ్ తెలుగు కీబోర్డులు ఉన్నాయి, అంటే వాటితో రాసింది ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే చదవొచ్చు. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాధనం ద్వారా ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు, ఇంగ్లిష్ అక్షరాలు నొక్కి తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి కూడా దొరుకుతుంది. కాబట్టి ఆవిడకు ఏ సిస్టమ్ అయినా సరిపోతుంది. మీరు ప్రెస్సులకు ఫైళ్లు పంపుతారు కాబట్టి మీ సంగతి వేరు. మన దగ్గర డీటీపీ పని ఇంకా చాలాచోట్ల యూనికోడ్ కాని అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో, కోరల్‌డ్రాతో విండోస్ మీదే సాగుతోంది. మీరు ఫైలు ఇచ్చే ప్రెస్‌లో ఏది వాడతారో కనుక్కోకుండా మ్యాక్ వైపు గానీ లినక్స్ వైపు గానీ వెళ్లొద్దు. సిస్టమ్ ఎంపికలో టచ్ కంటే వందరెట్లు ముఖ్యమైన ప్రశ్న ఇది.

మీ డిజైన్ పనికి కావలసింది పెన్ను, వేలు కాదు. బల్ల మీద పడుకుని ఉండే పెన్ ట్యాబ్లెట్ తీసుకోండి. టచ్ మానిటర్ కోసం అదనంగా ఇచ్చే డబ్బులతో మంచిదే వస్తుంది. చెయ్యి బల్ల మీద ఉంటుంది, చూపు తెర మీద ఉంటుంది. మొదటి కొద్ది రోజులు గీత ఎటో పోతున్నట్టుంటుంది, తర్వాత చెయ్యి దానంతటదే నేర్చుకుంటుంది. బావగారి మాట విని మ్యాక్ తీసుకున్నా, ఇంట్లో ఐప్యాడ్ ఉంటే సైడ్‌కార్ అనే సౌకర్యంతో దాన్నే రెండో తెరగా పెట్టుకుని ఆపిల్ పెన్సిల్‌తో గీయొచ్చు. 2019లో వచ్చిన కాటలినా నుంచి ఇది ఉంది. అక్కడ కూడా గమనించండి, గీసే తెర బల్ల మీద పడుకుని ఉంది.

చెల్లి విషయంలో తల్లిదండ్రులు ఆలోచించని మాట ఒకటుంది. ఈ తరం పిల్లలు పుట్టినప్పటి నుంచి టచ్‌కే అలవాటు పడ్డారు. కానీ ఎంసెట్, అదే ఇప్పుడు ఎప్‌సెట్, జేఈఈ మెయిన్, రెండూ కంప్యూటర్ మీద మౌస్‌తో రాసే పరీక్షలే. జేఈఈ మెయిన్‌లో అంకెలు వేయాల్సిన ప్రశ్నలకు కూడా తెర మీద కనిపించే అంకెల్ని మౌస్‌తో నొక్కాలి. మౌస్ అలవాటు లేని పిల్లలు పరీక్ష రోజు ఆ టెన్షన్‌లో ఆప్షన్ ఒకటనుకుని ఇంకోటి నొక్కడం, స్క్రోల్ చేయలేక సమయం పోగొట్టుకోవడం జరుగుతుంది. ఇంట్లో మామూలు మౌస్‌తో మాక్ టెస్టులు రాయించండి. మంచి మార్కుల దగ్గర ఒక్కో ప్రశ్న ర్యాంకును ఎంత దూరం తోస్తుందో మీకు తెలుసు.

ఇప్పుడు నాన్నగారు. ఇక్కడ నా సలహా పూర్తిగా మారుతుంది. ఆయన రోజంతా కౌంటర్ వెనక నిలబడతారు. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో ఎల్బో ముక్క. కంప్యూటర్ మీద చేసే పని పది సెకన్లది: వస్తువు ఎంచుకోవడం, ఎన్నో వేయడం, బిల్లు. మెట్రో స్టేషన్‌లో టికెట్ మెషిన్ దగ్గర మనం చేసేదీ ఇదే. నిలబడి, నాలుగు పెద్ద బటన్లు నొక్కి వెళ్లిపోతాం, ఎవరికీ భుజం నొప్పి పుట్టదు. అలాంటి చోట మౌస్ పెడితే దానికి చోటుండదు, వైరు తగులుకుంటుంది, బోల్టుల మధ్య దుమ్ము పట్టి ఆగిపోతుంది. జీవితంలో మౌస్ పట్టని పెద్దవాళ్లు ఫోన్ అలవాటు వల్ల తెర మీదకే వేలు తీసుకెళ్తారు. ఆ అలవాటును గౌరవించాలి. డబుల్ క్లిక్ రాలేదని ఆయన్ను నలుగురి ముందు ఇబ్బంది పెట్టడం కంటే, ఆయనకు తెలిసిన పద్ధతిలో కంప్యూటర్‌ను అమర్చడం మన బాధ్యత.

కౌంటర్‌కు 15 అంగుళాల చుట్టుపక్కల తెర చాలు. దాన్ని నిలువుగా కాకుండా నడుము ఎత్తులో బాగా వాల్చి పెట్టండి. చేతులకు గ్రీజు, నీళ్లు, గ్లౌజులు ఉండే షాపు కాబట్టి ఒత్తితే పనిచేసే రెసిస్టివ్ రకం బాగుంటుంది. ఫోన్లలో ఉండే కెపాసిటివ్ రకం చర్మం తగిలితేనే స్పందిస్తుంది, నీటి చుక్క పడితే తికమక పడుతుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ టచ్ కోసం చేసిందా కాదా అన్నది కొనేముందు కళ్లారా చూడండి. మామూలు సాఫ్ట్‌వేర్ మీద టచ్ తెర పెట్టినంత మాత్రాన పని కాదు. అకౌంట్ల కోసం టాలీ ప్రైమ్ వాడుతుంటే అది మొదటి నుంచి కీబోర్డు కోసం పెరిగిన ప్రోగ్రాము, ఎఫ్8 నొక్కితే సేల్స్, ఎఫ్9 నొక్కితే పర్చేజ్. చేయి తిరిగిన అకౌంటెంట్ తెర వైపు చూడకుండానే వోచర్లు కొట్టుకుంటూ పోతాడు. అతని బల్ల వెనక గదిలో వేయండి, కీబోర్డు ఇవ్వండి. ముందు కౌంటర్‌లో టచ్ బిల్లింగ్, వెనక కీబోర్డుతో టాలీ. టాలీ విండోస్ కోసమే తయారైంది కాబట్టి షాపులో వేరే సిస్టమ్ ఆలోచన పెట్టుకోకండి.

బిగించేటప్పుడు రెండు చోట్ల జనం ఆగిపోతారు. హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మను, శబ్దాన్ని మాత్రమే తీసుకెళ్తుంది. టచ్ పనిచేయాలంటే మానిటర్ నుంచి సీపీయూకు యూఎస్‌బీ కేబుల్ కూడా వేయాలి. అది పెట్టకుండా "టచ్ పోయింది" అని మానిటర్ వెనక్కి పంపించినవాళ్లు ఉన్నారు. రెండు మానిటర్లు ఉంటే, ఒకదాన్ని తాకితే ఇంకోదానిలో క్లిక్ పడొచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో టాబ్లెట్ పీసీ సెట్టింగ్స్ తెరిచి సెటప్ నొక్కితే ఏది టచ్ తెరో అడుగుతుంది, దాన్ని తాకి చూపిస్తే సరిపోతుంది. మ్యాక్‌కు టచ్ మానిటర్ తగిలించాలంటే దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరు, బయటి కంపెనీలది వేసుకోవాలి, ఆ శ్రమ ఎందుకు.

ఆల్-ఇన్-వన్ గురించి ఒక్క మాట. మంచి మానిటర్ రెండు సీపీయూల కాలం నడుస్తుంది. ఆల్-ఇన్-వన్‌లో ఒకటి పోతే రెండూ కదిలించాలి. టచ్ ఉన్నదైతే పై గాజు, లోపలి ప్యానెల్ చాలా మోడళ్లలో అతికే ఉంటాయి, గాజు పగిలితే మొత్తం మార్చాలి. అందుకే ఇంటికి విడి సీపీయూ, 24 లేదా 27 అంగుళాల మామూలు మ్యాట్ మానిటర్, స్టాండ్ ఎత్తు పెంచి తగ్గించే వీలున్నది తీసుకోండి. తెర పై అంచు కళ్ల ఎత్తుకు గానీ కాస్త కిందకు గానీ రావాలి.

ఇప్పుడున్న పాత కంప్యూటర్‌ను అమ్మేయకండి. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొంత కొత్త ప్రాసెసర్ అడుగుతుంది కాబట్టి దానికి ఎక్కకపోవచ్చు. కానీ లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది. మీ ఫ్రెండ్ మాట నెగ్గేది ఇక్కడే. వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ డిస్క్ లేకపోతే ఒకటి వేసి, మింట్ ఎక్కించి, తెలుగు కీబోర్డు పెట్టి అమ్మగారికి ఇవ్వండి. ఆవిడ రాతకు, యూట్యూబ్‌కు, బ్యాంకు పనికి అది ధారాళంగా సరిపోతుంది. కొత్తది మీకు, చెల్లికి మిగులుతుంది. అను ఫాంట్లలో పాత ఫైళ్లు ఏవైనా ఆవిడ దగ్గర ఉంటే, మింట్ ఎక్కించే ముందే యూనికోడ్‌లోకి మార్చి, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ తీసి పెట్టుకోండి.